నాలుక ఊడదీసిన గంట

ఆ సముద్రపు పాయలో చేపకైనా, కొంగకైనా, నీళ్ల అడుగున పెరిగే గడ్డికైనా చట్టం అండ ఉంది. లేనిదల్లా మనుషులకే. ఆ అండ వాళ్లకు పొరపాటున కూడా దొరక్కుండా కాపలా కాసే పెద్దమనిషి జెట్టీ సూపరింటెండెంటు.

పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా తెడ్డు పట్టని ఆ మహానుభావుడికి తనను అందరూ కెప్టెన్ అనాలని మహా కోరిక. అనేవాళ్లు కూడా, ఎదురుగా ఉన్నంతసేపూ. జెట్టీ అంటే ఏముంది గనుక? పాచి పట్టిన చెక్కల వంతెన, ఒక డీజిల్ పంపు, రెండు గదుల ఆఫీసు, దాని వెనకే కాపురం. అంతమాత్రానికే ఆయన టోపీ పెట్టుకుని అద్దంలో తనకు తానే సెల్యూట్ కొట్టుకుంటుంటే భార్య కళ్లారా చూసింది. పెళ్లైన కొత్తలో నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

జెట్టీ కొసన ఇత్తడి గంట ఉండేది. పొగమంచు కమ్మినప్పుడు ఎవరో ఒకరు దాన్ని మోగిస్తుంటే, ఆ చప్పుడు పట్టుకుని పడవలు రాళ్లను తప్పించుకుని లోపలికి వచ్చేవి. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు, ఇక్కడ మోటారు పడవల హారన్లు తగ్గిస్తే పక్షులకు మంచిదని వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. అంతే, ఆయన కారు మలుపు తిరక్కముందే మన కెప్టెన్ నిచ్చెన వేసుకుని గంట నాలుక ఊడదీశాడు. దాన్ని సొరుగులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గంట మోగుతున్నా కదలకుండా దాని నెత్తినే రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులను ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

ఆ చలికాలమే ఒక చేపల పడవ మంచులో దారి తప్పి రాళ్లకు గుద్దుకుంది. మనుషులు ఎలాగో ఈదుకుంటూ గట్టెక్కారు. వణుకుతున్న వాళ్ల ముందు నిలబడి, నీళ్లలోని గడ్డి పాడుచేసినందుకు ఈయన జరిమానా వేశాడు. ఆ రోజు నుంచి ఆమెకు మొగుడి ముఖం చూడాలంటేనే అసహ్యం. వేళకు వడ్డించేది గానీ నోరు విప్పేది కాదు. ఆయనకు ఆ తేడా కూడా తెలియలేదు.

ఒక ఉదయం, మళ్లీ తనిఖీ ఉందని, దారి గుర్తుగా నీళ్లమీద తేలే ఎర్ర పీపాలు చూసొస్తానంటూ ఆయనే సర్కారు పడవ వేసుకుని బయలుదేరాడు. కాసేపటికే మంచు దిగింది. చాచిన చేయి కూడా కనబడటం లేదు.

ఆమె తమ్ముడు డీజిల్ పంపు దగ్గర పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, బావ పడవ చప్పుడు రాళ్ల వైపు నుంచి వినిపిస్తోంది. గంట కొడదామంటే నాలుక లేదాయె. సొరుగు తాళంచెవి ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? మీ బావ జేబులో."

"బాగుంది సంబడం!"

ఆమె కాసేపు ఉన్నచోటే నిలబడింది. ఊరుకుంటే ఏమవుతుంది అనుకుంది. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని తనకే దడ పుట్టింది. తమ్ముడి చేతిలోని పెద్ద పానా లాక్కుని, జెట్టీ కొసకు పరుగెత్తి, గంటను బాదడం మొదలుపెట్టింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

చాలాసేపటికి మంచులోంచి పడవ ముక్కు కనబడింది. టోపీ ఏ గంగలో కలిసిందో గానీ, ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. బావమరిది చెయ్యి పట్టుకుని పైకెక్కాడు. ఆమె పానా కింద పెట్టింది. ఇప్పుడైనా ఒక్క మంచి మాట అంటాడేమోనని, తన అసహ్యాన్ని పక్కన పెట్టి, నిజంగానే ఎదురుచూసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ చప్పుడు చేయకూడదని తెలీదా నీకు? పైవాళ్ల చెవిన పడితే నా పరువేం కావాలి?"

తమ్ముడు ఏదో అనబోతే ఆమె చేత్తో ఆపింది.

"తప్పైపోయిందండీ," అంది. "ఇంకెప్పుడూ కొట్టను."

"ఆఁ, అదీ మాట!" అని తృప్తిగా తలూపి, ఆకలేస్తోందంటూ ఆయన ఇంట్లోకి నడిచాడు.