టేపుల బీరువాకు వాటాలు వేసిన వైనం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనిషి చేసే పంపకంలో పేచీ ఉంటుంది, యంత్రం చేసే పంపకంలో ఉండదు. నర్మెట్ట నుంచి ఒక అవ్వ వచ్చి జనగామలో మా షాపు మెట్లెక్కేదాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు. (అప్పటిదాకా నేను చాలా తెలివైనవాణ్ణి కూడా. కావాలంటే మా అమ్మను అడగండి.)

మాది స్టేషన్ ఘన్‌పూర్. పొద్దున్నే రైలెక్కి జనగామ పోయి, పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. స్టూడియో ముగ్గురు అన్నదమ్ములది. పెద్దన్న జనగామ షాపులో, నడిపన్న మానుకోటలో (బస్సు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ, టికెట్ అడిగేటప్పుడు మానుకోటే), చిన్నన్న భూపాలపల్లిలో. మూడు ఊళ్ల పెళ్లిళ్లూ చివరికి చేరేది జనగామ షాపు వెనక గదిలోని టేపుల బీరువాలోకే. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు వదిలించుకుంటుంటే పెద్దన్న పట్టుకొచ్చిన పాత యంత్రం అది. లోపల వరుసగా అరలు, అరకొకటిగా పెళ్లి వీడియోలు దాచిన టేపు, మధ్యలో అటూ ఇటూ పరుగెత్తే ఇనుప చెయ్యి. ఏ షాపు నుంచి ఏ పెళ్లి అడిగినా ఆ చెయ్యి టేపును తీసుకెళ్లి చదివే డ్రైవులో పెట్టేది. డ్రైవులు మూడున్నా ముహూర్తాల సీజన్లో మూడూ జనగామ పనితోనే నిండిపోయేవి.

చిన్నన్న ఫోన్ చేసి నా మీద అరిచేవాడు. "నా పెళ్లిళ్లన్నీ లైన్ల నిలవడ్డయి. అన్నీ ఆయనే పట్టుకుంటె మేమెట్ల బతకాలె?" అసలు మంట వేరే. అంతకుముందు పొలం పంచుకున్నప్పుడు, చిన్నన్న తన చేతులతో నాటిన చింతచెట్టు పెద్దన్న భాగంలో పడింది. "ఎవని భాగంల పడ్డది వాందే" అని పెద్దన్న తాపీగా చింతకాయ దులుపుకున్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. తప్పనిసరి మాటలు నా ద్వారానే నడిచేవి, తిట్లతో సహా.

చివరికి బీరువాకు కూడా వాటాలు వెయ్యమన్నారు. అంటే యంత్రం ఒకటే అయినా మూడు యంత్రాల్లా పనిచేస్తుంది, ఎవరి తెర మీద వాళ్ల అరలే కనిపిస్తాయి. దానికి దారులు రెండు. ఒక్కొక్క అరనూ చూసి ఇది ఫలానావారిది అని మనమే చెప్పడం ఒకటి. ఎన్ని వాటాలో చెప్పేస్తే యంత్రమే పంచిపెట్టే ఆటోమేటిక్ దారి రెండోది. నేను మూడు అని నొక్కి చాయ్ తాగడానికి పోయాను. వచ్చేసరికి పంపకం అయిపోయింది, తలా ఒక డ్రైవు, తలా ఇన్ని అరలు. చిన్నన్న ఫోన్లో రెండుసార్లు అడిగాడు. "నువ్వు ఎవల దిక్కు జూడలే కద? మిషనే పంచింది కద?" "మిషనే అన్నా" అన్నాను గర్వంగా. ఒకరి టేపు మరొకరు అడగకుండా ముట్టరాదని, ముట్టనిస్తే నా ఉద్యోగం ఊడుతుందని ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. (వాళ్లు ముగ్గురూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.)

కొద్దిరోజులకు నర్మెట్ట అవ్వ నల్లకళ్లద్దాలతో దిగింది, పక్కన మనుమరాలు. "నా లగ్గమప్పుడు అవ్వ కండ్లకు పొరలుండె. పక్కనే కూసున్నది గని ఏం కనవడలే. ఇప్పుడు దవాఖానల ఆపరేషన్ అయింది. పెన్‌డ్రైవ్ మా చంటోడు యాడ పారేసిండో. జర చూపెట్టుండ్రి" అంది ఆ పిల్ల. పెద్దన్న వెతికాడు. టేపు జనగామ వాటాలో లేదు, నేను మొత్తం జాబితా తీసి చూస్తే భూపాలపల్లి వాటాలో ఉంది. మొదటినుంచీ మేము టేపులను ఖాళీ దొరికిన అరలో పెట్టేవాళ్లం. యంత్రం అరలను కోసిందే గానీ, అరలో ఎవరి పెళ్లి ఉందో చూడలేదు. (చూస్తుందని నేనెందుకు అనుకున్నానంటే, ఆటోమేటిక్ అని రాసి ఉంది కదా!)

చిన్నన్నకు ఫోన్ చేశాను. ఆయన ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నట్టుంది. "ఎవని భాగంల పడ్డది వాందే. మీ పెద్దన్నకు చెప్పు" అన్నాడు. చెప్పాను. పెద్దన్న మొహం మాడిపోయింది. బీరువా తాళం ఆయన జేబులోనే ఉంది, కానీ మాట ఇచ్చాడు. పెద్దన్న పొలం, చెట్టు గొడవంతా వెళ్లగక్కేసరికి అవ్వ విషయం అర్థం చేసుకుని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "కొడుకా, పొలం పంచుకున్నరట, మంచిది. చెట్టు పంచుకున్నరట, గది మీ ఇంటి ముచ్చట. నా మనుమరాలి లగ్గం మీరెట్ల పంచుకుంటరు?"

చిన్నన్న ఆ గొంతు గుర్తుపట్టాడు. "నర్మెట్ట లగ్గమా? లైటు కండ్లల్ల గొడ్తున్నదని నన్ను తిట్టింది నువ్వేనా అవ్వా?"

"నేనే. నువ్వెవలో కనవడలే, వెలుగే కనవడ్డది."

"కెమెరా మటుకే నాది. లైటు మా పెద్దన్న పట్టిండు" అని, "తలుపు తియ్యమను" అన్నాడు.

తీశాను. టేపును చేత్తో జనగామ అరలోకి మార్చాను. వీడియో మొదలవగానే అవ్వ తెరకు ముక్కు ఆనించింది. "గీ ముసల్ది ఎవలే?" "నువ్వే అవ్వా." "చల్, నేను గట్ల లేను" అని, తెర మీది మనుమరాలినే చూస్తూ కూర్చుంది. తలంబ్రాల దగ్గర కెమెరా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "అన్నా, లైటు జర కిందికి పట్టు, అవ్వ కండ్లు మూసుకుంటున్నది." ఇంకో గొంతు, "సరే తమ్మీ." పెద్దన్న కుర్చీ ముందుకు జరుపుకుని, "గది ఇంకోపారి పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు. "లగ్గం చూపెట్టుండ్రయ్యా, ఒక్కకాడనే తిప్పుతరేంది!" అని అవ్వ కసిరింది.

ఆ వారమే పెద్దన్న ఆ చెట్టు చింతపండే ఒక సంచి కట్టించి నన్ను భూపాలపల్లి బస్సెక్కించాడు. చిన్నన్న ఒక రెబ్బ నోట్లో వేసుకుని, కళ్లలో నీళ్లొస్తే పులుపు మీదికి తోసేశాడు. తర్వాత ముగ్గురూ జనగామ వెనక గదిలో కూర్చుని, ఏ పెళ్లి ఎవరు తీశారో పోట్లాడుకుంటూ, ఒక్కొక్క అరా నాచేత చేత్తో పంచించారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంతకంటే పెద్ద బీరువాలకు వాటాలు వేస్తున్నాను. తెర మీద ఆటోమేటిక్ అన్న మాట కనిపించినప్పుడల్లా, మూడు నొక్కి దర్జాగా చాయ్‌కి బయల్దేరిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి వెనక్కి పిలవాలని మాత్రం అనిపించదు. ఆ రోజు వాడు బుద్ధిగా కూర్చుని చేత్తో పంచి ఉంటే, అవ్వ టేపు అడగ్గానే దొరికేది. ఆ అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ నా ద్వారానే మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు.