ఎడమ భుజం కింది అతుకు

మా నాన్న మొదట గేట్లూ, కిటికీ ఊచలూ చేసేవాడు. ఒకసారి మిగిలిన ఇనప ముక్కలతో ఒక కొంగను చేసి షాపు ముందు నిలబెట్టాడు. గేటు కోసం వచ్చినాయన గేటు మాట మరిచిపోయి కొంగను పట్టుకుపోయాడు. "కాపలాకి కుక్కని చెయ్యాల్సింది, కొంగని చేశారేంటి!" అని అమ్మ ఎగతాళి చేసింది. అప్పటినుంచి గేట్లు తగ్గాయి, బొమ్మలు పెరిగాయి.

ముప్పయ్యేళ్ళలో ఆయన ఒక్క బొమ్మ మీద కూడా పేరు రాయలేదు. "నా చెయ్యి గుర్తుపట్టలేనివాడికి నా పేరెందుకే?" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పేరుకు బదులు, చివరి అతుకు వేసి బొమ్మను మూసేముందు లోపల ఏదో ఒక పనిముట్టు పెట్టేవాడు. ఏం పెట్టాడో ఆయనకూ మావయ్యకూ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. ఉద్యోగం పోయి మా ఇంటికొస్తే నాన్నే దగ్గర కూచోబెట్టుకుని వెల్డింగు నేర్పాడు. పన్నెండేళ్ళు ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం.

అమ్మ ఆపరేషను బల్ల మీదే పోయింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు నాన్న ఒకే ఒక్క బొమ్మ చేశాడు. కుట్టుమిషను మీదికి వంగిన అమ్మ. సైకిలు గొలుసులతో జడ, అరిగిపోయిన స్పానర్లతో వేళ్ళు. లోపల అమ్మ కత్తెర పెట్టి, ఎడమ భుజం కింద చివరి అతుకు వేశాడు. ఆ ఒక్కసారి నేనూ పక్కనే ఉన్నాను.

బస్టాండు ముందు పెట్టడానికి పురపాలక సంఘం వాళ్ళు ఆ బొమ్మను అడిగారు. కాగితాలంటే నాన్నకు చిరాకు. "నువ్వే చూసుకోరా" అని మావయ్యకు అప్పగించాడు. మావయ్య బాగానే చూసుకున్నాడు. ముసుగు తీసిన రోజు రాతిపలక మీద శిల్పిగా మావయ్య పేరుంది.

"ఇదేంట్రా?" అన్నాడు నాన్న.

"మా అక్క బొమ్మ నేను చేసుకుంటే తప్పా బావా?" అన్నాడు మావయ్య, అందరికీ వినపడేలా.

నాన్న వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. నేను మాత్రం ఊరుకోలేక కమిషనరు దగ్గరికి పోయి కత్తెర సంగతి చెప్పాను. లోపల ఏమీ లేదని మావయ్య ఒట్టేశాడు. "అయితే కోసి చూద్దాం" అన్నాడు కమిషనరు.

మర్నాడు పొద్దున్నే నాన్న కటింగు మిషనుతో వచ్చాడు. సుద్దముక్కతో గీత గీయబోయి ఆగాడు. అప్పుడు మావయ్య పక్కకొచ్చి, మా ఇద్దరికి మాత్రమే వినపడేలా మెల్లగా అన్నాడు.

"ఎడమ భుజం కింద, బావా. అతుకు అక్కడే ఉంది. కొయ్యి."

నాన్న అతని ముఖంలోకి చూశాడు. తర్వాత మిషను వైరు చుట్టేశాడు. "వద్దులెండి, పొరపాటు నాదే" అని కమిషనరుకు చెప్పాడు.

దారి పొడుగునా నేను ఏడుస్తూ అరుస్తూనే ఉన్నాను. ఇంటి గుమ్మం దగ్గర నాన్న నోరు విప్పాడు.

"మీ అమ్మని ఒకసారి కోశారు కదమ్మా. రెండోసారి నా చేత్తోనా?"

"నువ్వు కొయ్యవని ఆయనకి తెలుసు నాన్నా! తెలిసే అన్నాడు!"

"తెలుసు" అన్నాడు నాన్న. "వాడికి వెల్డింగు సరిగ్గా రాలేదు గానీ, నన్ను మాత్రం బాగా నేర్చుకున్నాడు."