బొట్లు పెట్టిన పోర్టులు

నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లు పనిచేశాను. రోగుల స్కాన్లన్నీ ఒక పెద్ద స్టోరేజి పెట్టెలో దాచేవాళ్లు. ఆ పెట్టెకూ డాక్టర్ల కంప్యూటర్లకూ మధ్య ఒక స్విచ్చి, దానికి తీగలు గుచ్చే ఇరవై నాలుగు పోర్టులు. సన్నటి గాజు తీగల్లో వెలుతురుగా మారి ఆ బొమ్మలు వచ్చిపోయేది వాటి గుండానే. కంటికి కనపడని దుమ్ము పడినా చాలు, ఆ వెలుతురుకు అడ్డం.

అవి ఉన్న గదికి పెద్ద, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక ముస్లిం పెద్దాయన. అందరం భాయ్ అనేవాళ్లం. రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఈ పని నేర్చినాయన. నాకు నేర్పిందీ ఆయనే. యాభై దాటాక ఈ ఉద్యోగం పోతే ఇలాంటిది ఇంకెక్కడా దొరకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నెలకోసారి ఎనిమిది ఖాళీ పోర్టులనూ మీటరుతో పరీక్షించి రబ్బరు మూతలు బిగించేవాడు. "మూత ఉంటే లోపల శుభ్రం ఉన్నట్టే అప్పా. తీసినోడే తుడవాల" అనేవాడు. మా గదిలో ఉన్న చట్టం అదొక్కటే.

ఆ దసరాకు ఆయన సెలవు. ఆయుధపూజ నా చేతికొచ్చింది. లారీకి, కుట్టుమిషనుకు పెట్టినట్టు పైపైన ఒక బొట్టు పెట్టి ఊరుకోవచ్చు కదా. నాకు మొదటినుంచీ అతి. మూతలు అందంగా లేవని ఎనిమిదీ పీకేసి, ఒక్కో పోర్టు నెత్తిన గంధం, దాని మీద కుంకుమ పెట్టాను. ఫోటో కూడా తీసుకున్నాను. తర్వాత తుడవకుండానే మూతలు పెట్టేశాను.

రెండు వారాలకు వాడుకలో ఉన్న ఒక పోర్టు చెడిపోయింది. భాయ్ దాని తీగను ఖాళీ పోర్టుకు మార్చి, స్విచ్చిలో కొత్త దారి రాశాడు. మూత ఉంది కాబట్టి మళ్లీ పరీక్షించలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కుంకుమ సంగతి నాకు గుర్తే రాలేదు. అంతవరకూ నాది పొరపాటే.

నాలుగో రోజు పొద్దున, ఉయ్యాలవాడ నుంచి వచ్చిన ఒకామెకు మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టాక స్కాను తెరుచుకోలేదు. ఆపరేషను ఆపేశారు. మరుసటి రోజు చేశారు, ఆమె బాగానే లేచింది. కానీ ఆమె బంధువులు వరండాలో చేసిన గలాటాకు, తప్పు మోయడానికి యాజమాన్యానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

భాయ్ తాను తీగ మార్చిన ఆ పోర్టులో దూదిపుల్ల పెట్టి తుడిచాడు. దూది ఎర్రగా వచ్చింది. దసరా కుంకుమ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. నా వైపు చూడలేదు.

విచారణ మూడు రోజులు సాగింది.

"పోర్టు మార్చింది ఎవరు?"

"నేనే సార్."

"పరీక్ష చేసినావా?"

"లేదు సార్."

నన్ను కూడా పిలిచి అడిగారు. నాకేమీ తెలియదన్నాను. నోరు పెగలలేదని రాసుకుంటే బాగుంటుంది గానీ, నోరు బాగానే పెగిలింది. మూడో రోజు సాయంత్రం ఆయన్ను పనిలోంచి తీసేసి ఆయన కుర్చీ నాకిచ్చారు. సిగ్గు లేకుండా కూర్చున్నాను.

నెల తిరిగాక ఉండబట్టలేక ఆళ్లగడ్డ పోయాను. బస్టాండు వెనక, మిక్సీలు బాగుచేసే ఎవరిదో అంగట్లో కూలికి పనిచేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపి టీ చెప్పాడు. ఆ టీ రాకముందే చెప్పేశాను, ఆ కుంకుమ నేనే పెట్టానని.

ఆయన మిక్సీ మీది నుంచి తల ఎత్తలేదు.

"తెలుసులే అప్పా. దూది చూసినప్పుడే తెలుసు."

"మరి ఆడ ఎందుకు చెప్పలే భాయ్?"

"నేను చెప్తే, సాయిబు పూజ మీద తప్పు పెడతాండాడు అంటారు. నువ్వు చెప్తే ఉత్త పొరపాటు." స్క్రూ బిగించి, మిక్సీ పక్కన పెట్టాడు. "మూడు దినాలూ నీ నోటి పక్కే చూస్తాంటి."