అప్ప సొమ్ము, తమ్ముడి దానం

మా తమ్ముడు నా ఇల్లు దానం చేశాడు. అదీ నా చేత్తోనే చేయించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు గాని, ఆ అత్తని పిలిచి పీట మీద కూర్చోబెట్టి, ఆమె చేతే ధారపోయించిన అల్లుడి సంగతి ఆ సామెత కట్టినవాళ్లకు తెలిసి ఉండదు. తెలియాలంటే మా తమ్ముణ్ని చూడాలి.

ఆ ఇల్లున్న ఊరు యాంగాన్‌కు నది అవతల ఉంది. మా పెద్దవాళ్లు ఈ పట్నాన్ని చివరిదాకా రంగం అనే అన్నారు. అప్పట్లో నేనుండేది పట్నంలోనే తాకేటా అనే పేటలో, అద్దెకు. మా సందు మొగలో బయాజో వేసి అమ్మేదాన్ని. మన శనగపప్పు వడకు ఇక్కడి పేరు అది. ఆ ఊరు వెళ్లాలంటే పొద్దున్నే బస్సెక్కి రేవుకు చేరాలి. అక్కడ ఫెర్రీ ఎక్కి నది దాటాలి. దాటాక ఒక మోటారుసైకిలు వాడి నడుం పట్టుకుని గతుకుల్లో ఎగిరెగిరి పడాలి, ఆ పైన కాలువలో చిన్న పడవ. పోటు ఉంటే పడవ నేరుగా గట్టుకు ఆనుతుంది. పాటులో వెళితే మోకాలి లోతు బురదలో దిగి, చెప్పులు చేత పట్టుకుని నడవాలి. ఎన్నిసార్లు అలా నడిచానో! సొంత ఇంటికి వెళుతున్నానంటే బురద కూడా బాగుంటుంది.

స్థలం మా నాన్న కొన్నది. ఆయన అహ్లోన్ బియ్యం మిల్లులో మూటలు మోసి మోసి, పెద్దవయసులో, కాస్త నేల నాదనుకోవాలన్న కోరికతో కొన్నాడు. కానీ ఇక్కడ పౌరసత్వపు కార్డులకు రంగులుంటాయి, ఆయన దగ్గరున్న రంగు కార్డుతో భూమి తన పేరున పెట్టుకోవడం కుదరలేదు. మా అమ్మ ఇక్కడి మనిషే. ఒకే తల్లి కడుపున పుట్టినా నాకూ తమ్ముడికీ వేరు వేరు రంగుల కార్డులు వచ్చాయి. వాడిది మంచి రంగు. నాది నాన్న రంగుకు దగ్గర. అందుకని స్థలం వాడి పేరున రాయించి, నాన్న మమ్మల్నిద్దర్నీ అక్కడికి తీసుకెళ్లి తాడు లాగాడు. ఆ తాడు వెంట వక్కమొక్కలు నాటాడు. "రోడ్డేపు గుంటడిది, కాలవేపు గుంటది. ఈ సెట్లే మీకు కాయితం," అన్నాడు. గుంటడు తమ్ముడు, గుంట నేను. మా లాంటి ఇళ్లలో అందరూ చేసే పనే అది. కార్డు ఎవరిది బాగుంటే వాళ్ల పేరు, మాట మాత్రం అందరిదీ.

నాన్న పోయాక తమ్ముడు పెళ్లి చేసుకుని తన వైపు ఇల్లు వేసుకున్నాడు. నేను బయాజో డబ్బులతో నా వైపు కొంచెం కొంచెంగా కట్టుకున్నాను. ఒక ఏడాది స్తంభాలు, మరో ఏడాది వెదురు తడకలు, ఆ పైన తాటాకులాంటి దనీ ఆకు కప్పు. వరద నీరు రాకుండా ఎత్తు మీద ఒకే ఒక గది. మెట్లకు పట్నంలోనే మంచి చెక్క ఏరి కొని, ఫెర్రీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్కనున్నావిడ ఎవరికమ్మా ఇవి అంటే, ముసలిదాన్నయ్యాక నేనెక్కడానికి అని చెప్పాను. తాకేటాలో ఇంటాయన ఆ మధ్యనే చెప్పేశాడు, ఈ ఇల్లు పడగొట్టి మేడ వేస్తానని. నాకు దిగులు లేదు. వానలు తగ్గగానే నది దాటేస్తానని సందులో అందరికీ చెప్పుకున్నాను.

అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, బాబు పేర సంగానికి అన్నం ఎడదామనుకుంతన్నాను. నువ్వు రావాల. నీ సేతి పులుసన్నమే ఒండాల," అన్నాడు. బాబంటే మా నాన్న, సంగమంటే ఇక్కడి బౌద్ధ సన్యాసులు. పొంగిపోయాను. వాడు బౌద్ధంలో పెరిగాడు, నేను అమ్మవారికి పసుపు రాసుకుంటూ పెరిగాను. ఇంట్లో దాని గురించి ఎప్పుడూ గొడవ లేదు. నాన్న పేరన్నాక ఎవరికి పెడితేనేం?

చింతపండు, మిరపకాయలు, కరివేపాకు మూట కట్టుకుని ముందురోజే వెళ్లాను. సన్యాసులు మధ్యాహ్నం దాటితే తినరు కనుక తెల్లారకముందే పొయ్యి అంటించాను. వంట తమ్ముడి పెరట్లో. కొత్త పందిరి మాత్రం నా ఇంటి ముందు వేశారు. ఇటెందుకురా అంటే, నీ వైపు నీడుందన్నాడు. నిజమే, ఉంది. లౌడ్ స్పీకర్లో పెద్ద స్వామి నాకు అర్థం కాని పాళీలో చదువుతున్నారు. నేను పోపు చిటపటల్లో ఉన్నాను. ఒకసారి చేయి కడుక్కుని అటు వెళ్లబోతే మరదలు ఎదురొచ్చి, "మమా, పులుపు సరిపోయిందో లేదో మీరే చూడాలి," అని వెనక్కి తిప్పింది. మమా అంటే ఇక్కడ అక్కా అని. ఆ పిల్ల నా వంటను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడైనా అనుమానం రావద్దా నాకు?

చివర్లో తనే పరుగున వచ్చింది. పెద్దవారు, నీళ్లు మీరే వదలాలి రమ్మంది. ఇక్కడ ఏ దానానికైనా అది ఆచారం. స్వామి చదువుతుంటే చెంబుతో పళ్లెంలోకి బొట్టు బొట్టుగా నీళ్లు వదులుతారు. ఆ పుణ్యం ఊరందరికీ పంచుతారు. అందరూ తాదు, తాదు, తాదు అంటారు. మన సాధు అన్నమాటే. అన్నారంటే ఆ దానానికి మనసారా ఒప్పుకున్నట్టు. పసుపు చేతులతోనే కూర్చున్నాను. ఆ నీళ్లు అన్నానికీ, స్వాముల ముందు పెట్టిన కాషాయ బట్టలకూ అనుకున్నాను. నాన్న గుర్తొచ్చి కళ్లు నిండిపోయాయి. అందరికంటే గట్టిగా తాదు అన్నది నేనే. కంచు గంట కొట్టారు.

భోజనాలయ్యాక కాలువ గట్టున పడవ కోసం చూస్తుంటే ఊరి ముసలావిడ ఒకామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత మనసమ్మా నీది! కట్టుకున్న ఇల్లు ఉన్నపళంగా స్వాములకు ఇచ్చేశావు. నాకు ఏ జన్మకు చేతనవుతుంది?" అంది. ఇంకెవరో అనుకుని మాట్లాడుతోంది కాబోలనుకున్నాను. తిరిగి చూస్తే ఇద్దరు మనుషులు నా గదిలోంచి నా ట్రంకుపెట్టె దింపుతున్నారు.

వెనక్కి పరిగెత్తాను. తమ్ముడు పందిరి కింద కిళ్లీ నములుతున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉంటాడేమో అనుకున్నాను. అలా ఉన్నా బాగుండేది. పెళ్లి చేసి అలిసిన తండ్రిలా ఉన్నాడు.

"ఏట్రా ఇది?" అన్నాను.

"నానేటి తినీసినానా అప్పా? బుద్దుడికిచ్చినాను."

"ఇస్తే నీదివ్వాల. నాదే కనబడిందేట్రా నీకు?"

"నాది రోడ్డు మీదుంది గదా. సామోరికి రొదైపోద్ది. నీది కాలవొడ్డున సల్లగుంటాది." కిళ్లీ ఉమ్మి, గొంతు తగ్గించాడు. "నీ రంగు కార్డుతోటి అది నీ పేర ఎప్పుడికి వస్తాది సెప్పు? పున్నెమైనా దక్కింది. సగం నీకే."

నది మీద వంతెన వస్తోంది. నా ఇల్లు స్వాముల మఠమైతే ఆ మఠం దాకా మంచి దారి పడుతుంది. ఆ దారి మా తమ్ముడి స్థలం పక్కనుంచే పోతుంది, దాని ధర పెరుగుతుంది. ఇదంతా నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నమ్మించి నట్టేట ముంచడం అంటే ఏదో మాటవరసకు అంటారనుకునేదాన్ని. ఆ రోజు నా చేత్తో వదిలిన నీళ్లలోనే మునిగాను. కోపం తరువాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు, అందరి ముందూ గట్టిగా తాదు అన్నందుకు.

ఊరిపెద్ద దగ్గరికి వెళ్లాను. మంచివాడే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "ఏం చేయనమ్మా? రాతలో పేరు అతనిది. నీళ్లు నువ్వే వదిలావు, ఊరంతా చూసింది. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే పాపం ఎవరికి?" అన్నాడు. వక్కచెట్ల మాట ఎత్తాను. చెట్లు మాట్లాడవు కదా అన్నాడు. పోనీ పెద్ద స్వామికి మొరపెట్టుకుందామా అంటే, కాషాయం కట్టుకున్నాయన ముందు నిలబడి నా ఇల్లు నాకివ్వండి అనే నోరు నాకు లేదు. ఆ సంగతి మా తమ్ముడికి బాగా తెలుసు. చిన్నప్పుడు వాణ్ని చంకన ఎత్తుకుని తిరిగినదాన్ని, నాకు ఏది చేతకాదో వాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది?

వానలు తగ్గాయి. తాకేటా ఇల్లు పడగొట్టారు. పట్నంలోనే లత అనే పేటలో ఒక బట్టలకొట్టు వెనక, మెట్ల కింది గదిలోకి మారాను. ట్రంకుపెట్టె మాత్రం ఆ ఊళ్లోనే, పడవవాడి ఇంట్లో ఉండిపోయింది. దానికోసం మొన్న వెళ్లాను.

పెట్టె పడవలో పెట్టించాక కాళ్లు నా మాట వినలేదు. అటే వెళ్లాయి. కప్పుకు కొత్త రేకులు వేశారు. తడకలకు రంగు పూశారు. నా మెట్లు మాత్రం నావే, అవే చెక్కలు. అలవాటుగా చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాను. పక్క స్తంభానికి ఒక చెక్క కొట్టి ఉంది, పసుపు అక్షరాలతో. ఆడవాళ్లు పైకి ఎక్కకూడదు అని.

కాలు దించాను. లోపలినుంచి కుర్ర స్వామి ఒకాయన బయటికి వచ్చాడు. పాపం, ఆయనకేం తెలుసు? కొత్తగా వచ్చినట్టున్నాడు. నేను నేల మీద మోకరిల్లి దండం పెట్టాను, నా గుమ్మానికే.

"ఎక్కడినుంచి వచ్చారు, దాయికమ్మా?" అని అడిగాడు మెల్లగా. దాయిక అంటే దానమిచ్చే ఆడమనిషి, స్వాములు ఆడవాళ్లందర్నీ అలాగే పిలుస్తారు.

యాంగాన్ నుంచి అన్నాను.

"ఈ ఊళ్లో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

వక్కచెట్ల అవతల మా తమ్ముడు కొత్త దారికి కంకర పోయిస్తున్నాడు. ఎవరినో కేకలేస్తున్న వాడి గొంతు నాకు వినబడుతూనే ఉంది.

"ఎవరూ లేరు స్వామీ," అన్నాను.