ఉత్త మిషను

సూరత్‌లో, గోడాదరా గల్లీల్లో నిద్ర పట్టాలంటే సాంచాల చప్పుడు ఉండాల్సిందే. పరమేశ్వర్ పెళ్లినాటి నుంచీ ఆ మరమగ్గాల మోతలోనే పనిచేశాడు, ఆ మోతలోనే పడుకున్నాడు. కరోనా వచ్చి కార్ఖానాలు మూతపడ్డాక గల్లీ అంతా మూగబోయింది. పనీ పోయింది, నిద్రా పోయింది. మెలకువగా ఉన్నవాణ్ని ఆకలి ఊరికే వదులుతుందా?

ఒక మధ్యాహ్నం కూతురు సంధ్య ఫోన్‌లో బడి పాఠం వింటోంది. మంచు దేశాల్లో ఎలుగుబంటి శీతాకాలమంతా గుహలో పడుకుంటుందట. గుండె నెమ్మదిస్తుంది, తిండీ నీళ్లూ ఉండవు, ఒంట్లోని కొవ్వే కరిగి ప్రాణం నిలబెడుతుందట. విచిత్రమేమిటంటే, నెలల తరబడి కదలకపోయినా దాని కాళ్లలో సత్తువ పోదట.

"గిదేదో మంచిగుంది. నేను గూడ గట్లనే పడుకుంట. నా వంతు బువ్వ మీరిద్దరు తినుండ్రి," అన్నాడు పరమేశ్వర్.

"అది ముందుగాల మస్తు తిని బలుస్తది నాయినా," అంది సంధ్య.

"నేను తక్కువ తిన్ననా? మీ అమ్మనడుగు," అని ఎముకలు తేలిన డొక్క తడుముకుని నవ్వాడు.

నవ్వులాటకన్నాడనుకున్నారు. నిజంగానే పడుకున్నాడు. రేకుల కింద ఎండ మాడ్చేస్తుంటే, మంచు గుహలో ఎలుగులా! పూటకింత గంజి కూడా మానేసి, రోజుకొక్కసారే తాగాడు. కానీ నిద్ర రాదే! భార్య సమ్మక్క చూసి చూసి, మూలనున్న కుట్టుమిషను అతని తల దగ్గరికి జరిపింది. గుడ్డ లేదు, దారం లేదు, ఉత్త మిషనే తొక్కింది. ఆ టకటకలకు అతని కళ్లు మూతపడ్డాయి. ఇక రోజూ ఆమెకదే పని. కడుపుకు పెట్టలేని మనిషికి నిద్రనైనా పెడుతున్నానని ఆమె సంబరపడింది.

ఒక పొద్దున గల్లీ మొత్తం దద్దరిల్లింది. సాంచాలు మొదలయ్యాయి! పరమేశ్వర్ గబగబా లేచి అంగీ తొడిగితే భుజాల మీంచి జారింది. కార్ఖానాలో పాత జాగా దొరికితే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు. అంతే సంగతి.

జాగా దొరికింది గానీ, సాంచాల నడుమ రోజంతా నిలబడి తిరగాలి. మధ్యాహ్నం కాకముందే, తెగిన పోగు ముడేయబోయి అక్కడే కూలబడ్డాడు. సేటు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆరామ్ కరో భాయ్," అని, గుమ్మం దగ్గర కాచుకున్న వాళ్లలో ఒకణ్ని పిలిచి ఆ జాగాలో నిలబెట్టాడు.

పరమేశ్వర్ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎలుగుకు సత్తువ పోదన్నరు గద బిడ్డా," అన్నాడు.

చుట్టూ సాంచాలు మోగుతున్నాయి. ఏ చప్పుడు కోసం ఇన్నాళ్లూ మొహం వాచిపోయాడో అదే చప్పుడు. రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏమే, జర మిషన్ తొక్కు."

"గిప్పుడెందుకు? సాంచాలు నడుస్తున్నయ్ గద."

"గందుకే తొక్కు. అవి నాకు ఇనబడొద్దు."

సమ్మక్క మిషను ముందు కూర్చుని తొక్కింది. కాళ్లు లాగేదాకా తొక్కింది. సాంచాల మోతలో ఆ ఉత్త మిషను చప్పుడు ఆమెకే వినిపించలేదు.