గుమ్మానికి కట్టిన ఉన్ని

మా ఇంట్లో ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులైంది. గుమ్మం ఇంకా బోసిగానే ఉంది. మగపిల్లవాడైతే ఈపాటికి ఆలివ్ కొమ్మల దండ వేలాడేది. ఆడపిల్ల పుడితే ఉన్ని కడతాం. అదీ లేదు. రేపు ఐదో రోజు. తండ్రి బిడ్డనెత్తుకుని పొయ్యి చుట్టూ పరిగెత్తితే బిడ్డ ఇంటిదవుతుంది. పరిగెత్తకపోతే కుండలో పెట్టి ఊరి బయట వదిలేసి వస్తారు. ఆ తండ్రి నా కొడుకు కల్లిప్పోస్.

వాడేమో పొద్దున్నే మంగలి కొట్టుకు పోయి కూర్చున్నాడు, ఏథెన్స్ గొప్పదా స్పార్టా గొప్పదా అని వాదించడానికి. వాడిది స్పార్టా పక్షం. పుట్టింది ఏథెన్స్ కుమ్మరి వీధిలో, వేషం మాత్రం అక్కడిది. భుజాల దాకా జుట్టు, పొట్టి దుప్పటి, స్నానానికి సెలవు. వాళ్ళు తాగే నల్ల పులుసు ఒక్క గుక్క పోస్తే సాయంత్రం దాకా కక్కుకుంటాడు.

"వాళ్ళు గట్టి పిల్లల్నే ఉంచుకుంటారమ్మా. అందుకే మనల్ని ఓడించారు" అన్నాడు నిన్న నాతో, నా మొహంలోకి చూడకుండా.

స్పార్టాలో ఆడపిల్లలకు కడుపునిండా తిండి పెడతారు. పరుగు నేర్పుతారు. ఆ ముక్క మాత్రం వాడి నోట ఎన్నడూ రాలేదు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు ఊళ్ళనూ ఇళ్ళ లోపలి నుంచి చూసిన మనిషి నాకు ఒక్కతే తెలుసు. ఆమె ఏ మంగలి కొట్టులోనూ కూర్చోలేదు. మా ఇంటి దాది, క్లేతా.

క్లేతాది స్పార్టా ఏలుబడిలోని కిథేరా దీవి. చంటిబిడ్డకు పాలిచ్చే వయసులో స్పార్టాలో ఒక దొర ఇంట దాదిగా కుదిరింది. కొన్నేళ్ళకు దీవికి తిరిగొచ్చింది. అంతలో యుద్ధం. మా ఏథెన్స్ ఓడలు దీవిని పట్టుకున్నాయి. దొరికినవాళ్ళను తెచ్చి సంతలో నిలబెట్టారు. మా నాన్న ఫిలాగ్రోస్ ఆమెను కొన్నాడు. నాన్నకు ఆరుగురు పనివాళ్ళున్న కుండల కార్ఖానా ఉండేది. స్పార్టా పేరెత్తితే ఉమ్మేసే మనిషి, స్పార్టా దాది కోసం మాత్రం సంతంతా గాలించాడు. గొప్పింటి వాళ్ళందరికీ అప్పుడు అదే మోజు. మా దాదులు పసిబిడ్డల్ని గుడ్డపేలికల్లో బిగించి కట్టేస్తారు. క్లేతా కట్టదు, కాళ్ళూ చేతులూ ఆడనిస్తుంది. మా అన్న వీధిలో పిల్లలందరికన్నా ముందు నడిచాడు. నాన్న వాణ్ణి చూపించి ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె యాసను వెక్కిరించడం మాత్రం మానలేదు.

రెండో కాన్పు నేను. నాన్న నా వంక చూడలేదు. కార్ఖానాలోంచి ఒక కుండ తెప్పించి పెరట్లో పెట్టించాడు. కొత్త కుండ, ఆయన చేత్తో చేసిందే. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఐదో రోజు పొద్దున క్లేతా బుట్టలోంచి గుప్పెడు ఉన్ని తీసి, ఎవర్నీ అడక్కుండా, గుమ్మానికి కట్టేసింది.

ఇంకేముంది, వీధి వీధంతా దిగిపోయింది. ఐదో రోజున చుట్టాలూ ఇరుగుపొరుగూ ఆక్టోపస్‌లు, కణవ చేపలు పట్టుకొస్తారు. పక్కింటి చేపలామె అందరికన్నా ముందొచ్చింది.

"ఫిలాగ్రోసన్నా! ఆడపిల్లట కదా, చెప్పనేలేదేం? నేనైతే ఏమో అనుకుని భయపడి చచ్చాను."

"ఏమనుకున్నావేంటి?" అన్నాడు నాన్న.

"ఛ, నువ్వెందుకు చేస్తావులే! పిల్లల్ని కొండమీంచి తోసేసే మృగాలు వాళ్ళు అని రోజూ తిట్టేది నువ్వే కదా. మనమేమైనా స్పార్టా వాళ్ళమా?"

అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు, నవ్వక చస్తాడా. అప్పుడే క్లేతా నన్ను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఉరుకు దొరా" అంది.

పొయ్యి చుట్టూ పరిగెత్తాడు. వీధి చూస్తుండగా పరిగెత్తాడు. నా బతుక్కి ఉన్న పునాది అంతే, ఒక మగాడి సిగ్గు. తలచుకుంటే ఇప్పటికీ నాకు రోతగా ఉంటుంది.

జనం వెళ్ళాక తోలు పట్టీ తీసి క్లేతాను చావబాదాడు. "మీ ఊళ్ళో ఇలా పెత్తనం చేస్తే ప్రాణం తీసేవారే!" అని అరిచాడట.

"మా ఊర్ల నోరు తెర్వలే దొరా. అందుకే గిక్కడ తెర్సిన" అందట.

ఆ రోజు నుంచి ఆమె దాది కాదు. కార్ఖానా గోతిలో మన్ను తొక్కే పనిలో వేశారు. నన్ను ముట్టుకోవద్దన్నారు. నేను గోతి గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ దాకా బురదలో ఉన్న ఆమెతో మాట్లాడుతూ పెరిగాను. ఒకసారి అడిగాను, రెండు ఊళ్ళలో ఏది మంచిదని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

"మా కాడ ముసలోళ్ళు కూసుంటరు బిడ్డా. పోరన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తరు. మీ కాడ తండ్రి ఒక్కడే కూసుంటడు. గంతే తేడా. తల్లిని అడిగినోడు ఆడ లేడు, ఈడ లేడు."

"నువ్వు చూశావా?"

ఆమె తొక్కడం ఆపింది.

"మా దొరసాని కొడుకును ముసలోళ్ళ తాన్కి ఎత్కపోయింది నేనే. ఒక కాలు జర వంకర, గంతే. నా పాలు తాగిన పోరడు. వద్దన్నరు. కొండకు గూడ నేనే ఎత్కపోయిన. దించి మర్లొచ్చిన. ఒక్క మాట అనలే." మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. "నువ్వు గట్ల ఉండకు."

నేను అలాగే ఉన్నాను. ఇది చెప్పకుండా నాన్ననూ కొడుకునూ తిట్టిపోస్తే నా అంత దొంగ ఇంకొకతె ఉండదు. కల్లిప్పోస్ తర్వాత నాకూ ఆడపిల్ల పుట్టింది. నల్లటి ఒత్తు జుట్టు. నా మొగుడు, "ఇప్పుడే వద్దులే" అన్నాడు, కూరలో ఉప్పు వద్దన్నట్టు. యుద్ధం ఓడి ఊరంతా పస్తులుంది కాబట్టి అది న్యాయమే అన్నారు అందరూ. నేనూ గోడవైపు తిరిగి పడుకున్నాను. కుండ మా నాన్న కార్ఖానాదే.

క్లేతా అప్పటికి ముసలిదైపోయింది, మోకాళ్ళు పనిచేయడం లేదు. ఐదో రోజున కర్ర పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ మా ఇంటికి వచ్చింది. గుప్పిట్లో ఉన్ని ఉంది. తెల్లారకముందే కుండను ఊరి బయటకు పట్టుకుపోయారు. బోసి గుమ్మాన్ని చూసింది, నన్ను చూసింది.

"నోరు తెర్వలేదా బిడ్డా?"

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. ఉన్నిని నా మంచం మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ ఏడే పోయింది. ఆ ఉన్ని నా పెట్టె అడుగున ఇరవై ఏళ్ళు ఉంది.

రాత్రంతా ఇదే తలచుకుంటూ గడిపాను. ఇవాళ నా మనవరాలి ఐదో రోజు. తెల్లారగానే పెట్టె తీశాను. పురుగులు కొంత తినేశాయి గానీ కట్టడానికి సరిపోయింది. ముడి వేస్తుండగా చేపలామె కోడలు తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది.

"మెలిత్త పిన్నీ, ఆడపిల్లా? మాకెవ్వరూ చెప్పలేదే!"

"నేను చెబుతున్నా కదే. మంగలి కొట్టు దాకా వెళ్ళి అందరితోనూ చెప్పు. గట్టిగా చెప్పు."

జనం చేరుతున్న చప్పుడుకు కల్లిప్పోస్ జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చాడు. గుమ్మం చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? నన్నడగకుండా... స్పార్టాలో అయితే..."

"స్పార్టాలో నీలాంటి దొప్పచెవుల వాణ్ణి ఎప్పుడో కొండెక్కించేవారురా" అన్నాను, వీధి చివరిదాకా వినబడేలా. ఎవరో పకపకా నవ్వారు. లోపలికి వెళ్ళాను. నా కోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డకు చుట్టిన పేలికలన్నీ విప్పేశాను. కాళ్ళు ఆడించింది. తెచ్చి వాడి చేతుల్లో పెట్టాను.

"ఉరుకు" అన్నాను.