పిండి చక్కీ దాకా వచ్చిన ఓడ

నీలం నగర్‌లో అంబాదాస్‌కు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఓడ ఎక్కాలి. ఎక్కే ముందు చిన్న ఓడా, పెద్ద ఓడా అన్నది తేలాలి. అది తేలక ఆయన ఏళ్లుగా ఒడ్డునే ఉండిపోయాడు. ఒడ్డు అన్నది మాటవరసకే. సోలాపూర్‌కు సముద్రం చాలా దూరం. ఆయన దాన్ని చూడనే లేదు.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో ఆయన అక్క గంగమ్మకు తెలుసు. అంబాదాస్ పనిచేసిన పవర్‌లూమ్ షెడ్డులో తువ్వాళ్లు నేసేవారు. విహార నౌకలు నడిపే విదేశీ కంపెనీ ఒకటి వాటిని తీసుకునేది. ప్రతి తువ్వాలు అంచునా చిన్న చేప గుర్తు. కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి వాడంతా దాన్ని చేప కంపెనీ అనేది. దానికి రెండే ఓడలు. చిన్నదానికి తెల్ల తువ్వాలు, పెద్దదానికి నీలం అంచు. రెండింటి బొమ్మలూ షెడ్డు గోడ మీద నేతవాళ్లు కొలిచే మార్కండేయుడి పటం పక్కన అంటించి ఉండేవి. మగ్గం ఆగినప్పుడల్లా అంబాదాస్ వాటినే చూసేవాడు. తర్వాత షెడ్డు మూతపడింది. మగ్గాలు బండెక్కి పోయాయి. మిగిలిపోయిన నూలు కోన్లూ, ఆ రెండు బొమ్మలూ ఆయన వెంట ఇంటికొచ్చాయి.

ఇల్లు గంగమ్మది. భర్త పోయాక ఆమె ఒంటరిదైందని, పెళ్లి చేసుకోని తమ్ముడు వచ్చి చేరాడు. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో ఇద్దరికీ తెలియదు. గంగమ్మ గడప దగ్గర కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆయన ఎదురుగా కూర్చుని ఓడలు చుట్టేవాడు.

"అక్కా, చిన్న ఓడైతే మన గది మనకు జల్ది దొరుకుతది."

"ఊ."

"గని అల వస్తే ఊగుతది."

"ఊగనియ్."

"పెద్దదైతే ఊగదు. గని నాష్టా కాడ లైను. మన రేషన్ దుకాణం లెక్క."

"అయితే పోకు."

"పోకుంటే ఎట్ల అక్కా? మనోళ్లు ఏమనుకుంటరు?"

మనోళ్లు అంటే చేప కంపెనీ వాళ్లు. ఆయన ఉన్నాడని కూడా వాళ్లకు తెలియదు.

అంబాదాస్ ఒకరిని పట్టుకుంటే వదలడు. ఆయనకు గడ్డం గీసే మంగలికి వయసు మీద పడి చేయి వణుకుతుంది. వారం వారం చెంపల మీద దూది ముక్కలతో ఇంటికొచ్చేవాడు. వేరే దుకాణానికి పొమ్మంటే బాధపడేవాడు. "చేయి వణికితే మనిషిని మారుస్తమా?" అనేవాడు. దూది ఊడి పడేది.

అక్కల్‌కోట్ రోడ్డు మీద గణేశ్ అనే యువకుడు టూరు బస్సుల దుకాణం పెట్టాడు. తిరుపతి, శ్రీశైలం, తుల్జాపూర్. మధ్యలో ఒక ఓడ పోస్టరు కూడా వేలాడదీశాడు. ముంబయిలో ఎక్కి గోవాలో దిగే ఓడ. అంబాదాస్ ఆ పోస్టరును చూసి లోపలికి పోయాడని, అక్కడ రభస చేశాడని పొరుగింటి పార్వతీబాయి పరుగున వచ్చి చెప్పింది.

"ఏం జేసిండే?" అంది గంగమ్మ.

"తువ్వాల చూపియ్యమన్నడు, గంగక్కా! గా ఓడ కంపెనీది. గణేశ్ కాడ ఒకటి ఉండె, నమూనాకు పంపిండ్రట. దాన్ని వేళ్ల నడుమ రాసి చూసి, 'ఇది ఒక్క ఉతుకుకే గుండు కొట్టించుకుంటది' అన్నడు. 'ఒంటి మీద నీళ్లు తుడువలేనోడు మనిషిని నీళ్లు దాటిస్తడా?' అని అడిగిండు. దుకాణంల టికిట్ కోసం కూసున్న ఇద్దరు లేచి పోయిండ్రు."

"గణేశ్ ఏమన్నడు?"

"ఏమంటడు? 'మామా, మీ చేప కంపెనీ ఉన్నదే...' అని ఏదో చెప్పబోయిండు. నీ తమ్ముడు వాని నోరు మూసి, బయటికి గుంజుకపోయి ఏందో గుసగుసలు పెట్టిండు."

గంగమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. పార్వతీబాయి మంచినీళ్లు తెచ్చి, తాగిస్తూ, ఆమె ముఖం వైపు చూడకుండా గోడ వైపు చూసింది.

ఆ గోడకు అవతల మల్లమ్మ ఉండేది. ఆమె కూడా బీడీలే చుట్టేది. ఊపిరి అందక, చివరికి మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని, ముక్కుకు గొట్టంతో, మొన్న చలికాలంలో పోయింది. ఆ గొట్టం చప్పుడు గోడలోంచి వినబడేది. గంగమ్మకు ఇప్పటికీ వినబడుతుంది.

ఆషాఢం వానల్లో అంబాదాస్ అక్కను దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, బీడీలు బంద్ అంది. రోజూ నడవాలి, ఈ రోజు కొంచెం, రేపు ఇంకొంచెం, లేకపోతే సిలిండరు తప్పదని చెప్పింది. గంగమ్మ అన్నీ వింది.

"నడిచి యాడికి పోవాలె?" అని అడిగింది.

"ఎక్కడికీ కాదు. ఊరికే నడవాలి."

"ఉగాచ్, ఊకెనే నడుస్తరా ఎవరన్న? పిచ్చోళ్ల లెక్క?"

ఇంటికొచ్చి గడప దగ్గర కూర్చుంది. చేటను అంబాదాస్ అటక మీద పెట్టేశాడు. ఖాళీ ఒడితో, ఖాళీ చేతులతో ఆమె వీధిని చూస్తూ ఉండిపోయింది. వాన పడింది. ఆగింది. మళ్లీ పడింది. ఎదురుగా మూసిన షెడ్డు తలుపుకు తుప్పు పట్టింది. ఆమె నడవలేదు. అంబాదాస్ బతిమిలాడాడు. తిట్టాడు. ఒకరోజు అన్నం మానేశాడు. సాయంత్రానికి ఆకలేసి తినేశాడు.

"తమ్మీ, నన్ను ఇడిసిపెట్టు. మల్లమ్మ పోయిన తొవ్వే నాది. కాళ్లు అరగదీసుకొని పోవుడెందుకు, కూసొనే పోత."

మరునాడు పొద్దున వాన వెలిసింది. అంబాదాస్ నూలు కోను ఒకటి తీసుకొచ్చి, దారం కొసను గుమ్మానికి కట్టాడు. కోను పట్టుకుని వీధి వెంట వెనక్కి వెనక్కి నడుస్తూ అవతలి పక్కనున్న మొదటి కరెంటు స్తంభానికి చుట్టాడు.

"ఏందిరా ఇది?"

"చిన్న ఓడ అక్కా. గుమ్మం మన గది. గా స్తంభం కాడ భోజనాల గది. నువ్వు గంత దూరం నడుస్తవా లేదా సూడాలె గదా. నడవకుంటే టికిట్ తీసి ఏం లాభం?"

"నాకేం గరజు! ఓడ నీది, పిచ్చి నీది."

"బరోబర్," అని అంబాదాస్ స్తంభం దగ్గర నిలబడి, ఛాయ్ బండివాడితో మాటల్లో పడ్డాడు.

వాడలో ఆ పొద్దున అన్నీ ఆగిపోయాయి. మగ్గానికి ఎక్కించే ముందు వీధిలో పరిచిన నూలు పడుగును నేతవాళ్లు దాటరు. పడుగు దాటితే మగ్గానికి అన్నం పుట్టదంటారు. చేతిమగ్గం ఎలా ఉంటుందో చూడని పిల్లకాయలకు కూడా ఆ భయం ఎముకల్లో ఉంది. ఇది పడుగు కాదు, ఒంటి దారం. అయినా ఆటో ఆగింది. డ్రైవరు దిగి, దారాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, ఆటోను కిందనుంచి నెట్టుకుపోయాడు. నీళ్ల డబ్బాలవాడు వంగి దూరాడు. ఒక మేక మాత్రం దాటింది. దానికి కులం లేదు.

అందరూ ఎత్తి ఎత్తి దారం వదులైంది. మధ్యలో జారి, మురికి కాలువ మీదికి వేలాడింది.

గంగమ్మ చూసింది. ముఖం తిప్పుకుంది. మళ్లీ చూసింది. చిన్నప్పుడు భవాని పేట్‌లో తండ్రి తెల్లవారగానే వీధిలో పడుగు పరిచేవాడు. గంజి పట్టిన నూలు ఆరేదాకా పిల్లలంతా దాని వెంట అటూ ఇటూ తిరిగేవారు. ఎక్కడ పోగు జారినా ముందు గంగమ్మకే కనబడేది. చేతిలో అన్నం ముద్ద ఉన్నా వదిలి లేచేది.

"తమ్మీ! దారం జారింది!"

అంబాదాస్‌కు వినబడలేదు. ఛాయ్ బండివాడికి ఏదో చెబుతూ నవ్వుతున్నాడు.

"అరే చెవిటోడా! మోరీల పడుతున్నది దారం!"

అయినా వినబడలేదు. గంగమ్మ గోడ పట్టుకుని లేచింది. దారాన్ని వేళ్ల మీదికి తీసుకుని, బిగదీస్తూ, తిడుతూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ, మళ్లీ తిడుతూ స్తంభం దాకా పోయింది. పోయేసరికి ఊపిరి లేక తిట్లు కూడా రాలేదు. అంబాదాస్ అంతకుముందే అక్కడ బల్ల వేయించి ఉంచాడు.

"అయితే చిన్న ఓడ నడుస్తది నీకు," అన్నాడు గంభీరంగా. "పెద్దదే నాకు అనుమానం."

ఆ మాట గంగమ్మకు నచ్చలేదు.

ఆ తర్వాత రోజూ దారం పరవడమే. రోజూ అది జారడమే. ఇంత చేతకాని వాడు ఇన్నాళ్లు మగ్గం ఎట్లా నడిపాడని గంగమ్మ పార్వతీబాయికి చెప్పి చెప్పి బాధపడింది. కొన్నాళ్లకు దారం రెండో స్తంభం దాకా పోయింది.

"నిన్న గీడిదాకనే ఉండె గదా ఓడ?"

"పొడుగు జేసిండ్రక్కా. నడుమకు కోసి, ఇంకో ముక్క పెట్టి అతికిండ్రు."

"ఓడను అతుకుతరా?"

"పాత పడుగుకు కొత్త పడుగు అతకమా? గట్లనే."

ఓడ పెరుగుతూనే పోయింది. కిరాణా దుకాణం దాటింది. గుడి దాటింది. వాడలో అందరూ వాన గురించి అడిగినట్టు ఓడ గురించి అడగసాగారు.

"గంగక్కా, ఇయ్యాల ఓడ యాడిదాక వచ్చింది?"

"పిండి చక్కీ దాక."

"అబ్బో! పెద్దదే!"

"ఏం పెద్దది? నడుమల రెండు సార్లే కూసున్న."

దగ్గు పోలేదు. కొన్ని రాత్రులు ఆమె గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అయితే తెల్లవారితే లేచి, తల దువ్వుకుని, దారం కోసం గడప దగ్గర సిద్ధంగా ఉండేది. జారిన దారాన్ని పట్టించుకోకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

శ్రావణంలో ఓడ మూల తిరిగి అక్కల్‌కోట్ రోడ్డు ఎక్కింది. ఆ రోజు దారం ఒక స్కూటరు చక్రంలో చిక్కుకుంది. అంబాదాస్ కింద కూర్చుని చిక్కు తీస్తున్నాడు. గంగమ్మ ఆగలేదు. దారం కొస పట్టుకుని ఒక్కతే నడిచి గణేశ్ దుకాణంలోకి పోయింది. ఆమె మనసులో ఒక మాట పెట్టుకునే వచ్చింది. తను ఉన్నా పోయినా తమ్ముడికి ఓడ తప్పిపోకూడదు. వాడు తేల్చలేడు. తనే తేల్చాలి.

"గణేశ్, రెండు టికిట్లు రాయి. పెద్ద ఓడకే. చేప కంపెనీది."

గణేశ్ బయటికి చూశాడు. అంబాదాస్ ఎక్కడా కనబడలేదు.

"అత్తా, మామ నాతోని ఒట్టేయించుకున్నడు."

"ఏమని?"

"నీకు చెప్పొద్దని."

"ఇప్పుడు చెప్పు."

"చేప కంపెనీ ఎక్కడున్నదత్తా? దివాళా తీసి ఏండ్లాయె. ఓడలు రెండూ కోసి తుక్కు జేసిండ్రు. గందుకేనాయె మామ షెడ్డు బంద్ పడ్డది! ఆయనకు అందరికంటె ముందు తెలుసు."

గంగమ్మ బల్ల మీద కూర్చుంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. చిన్న ఓడ లేదు. పెద్ద ఓడ లేదు. లేని ఓడను ఎక్కడిదాకైనా పొడిగించవచ్చు. ఆమె వెనక్కి తిరిగి, తను వచ్చిన దారి వైపు చూసింది. ఇల్లు కనబడలేదు. ఇంటి వీధి కూడా కనబడలేదు. దగ్గు వస్తుందని ఛాతీ మీద చేయి పెట్టుకుని కాచుకుంది. కాసేపటికి వచ్చింది. చిన్నదే.

అప్పుడు అంబాదాస్ రొప్పుతూ వచ్చాడు. చేతిలో చిక్కుపడ్డ నూలు, మోచేతికి స్కూటరు నల్లనూనె. అక్కను చూశాడు. గణేశ్‌ను చూశాడు. గణేశ్ తిరుపతి పోస్టరును చూస్తున్నాడు.

"అక్కా... వీడు ఏమన్న చెప్పిండా?"

"చెప్పిండు."

అంబాదాస్ ముఖం పాలిపోయింది. చెంప మీద దూది ముక్క ఒక్కటే కదిలింది.

"ఏమని?"

గంగమ్మ తమ్ముణ్ణి చూసింది. ఇన్నాళ్లు దారం ఒక్కనాడు కూడా బిగించి కట్టడం రాని పనివాణ్ణి చూసింది.

"పెద్ద ఓడ కూడ మనకు సరిపోదట," అంది. "ఇంకా పొడుగుది ఉన్నదా లేదా?"

అంబాదాస్ రోడ్డు వైపు చూశాడు. ఆ రోడ్డు ఊరు దాటి, కుంభారి కొత్త కాలనీ వైపు పోతుంది. అక్కడికి జనం బస్సులో పోతారు.

"ఉన్నదక్కా. కుంభారి దాక ఉంటదేమో."

"కుంభారి దాకనా? గంత దూరం భోజనాల గది పెడితే, మనం పోయేసరికి అన్నం చల్లారదా?"

"చల్లారుతది," అన్నాడు అంబాదాస్ కళ్లు తుడుచుకుని. "కంపెనీకి చెప్త."

"చెప్పు," అని గంగమ్మ లేచి, ముందు నడిచింది.